వారానికో అంశం, వారానికో ఫోటో: తీరిక లేనివారికి సమగ్ర మార్గదర్శి

ప్రతి వారానికి ఒక అంశాన్ని ముందుగా నిర్ణయించుకుని, ఆ ఏడు రోజుల్లో ఆ అంశం మీద తీసిన ఫోటోల్లో ఒక్కదాన్నే ఎంచి దాచుకుంటూ, ఏడాది గడిచేసరికి 48 ఫోటోలు సమకూర్చుకోవడమే ఈ సాధన; ప్రతి పదమూడో వారం మాత్రం తీసినవాటిని తిరిగి చూసుకోవడానికి. ఫోటో తీయడం నేర్చుకోవాలన్న కోరిక ఉండి, ఉద్యోగం, పిల్లల చదువులు, పెద్దవాళ్ల వైద్యం, పొలం పనుల మధ్య నలుగుతున్నవారికి ఇంతకంటే అనువైన పద్ధతి మరొకటి లేదని నా నమ్మకం. రోజుకో ఫోటో అనుకున్నవారి పట్టుదల పరీక్షల కాలమో పెళ్లి ముహూర్తాలో రాగానే సడలిపోతుంది. నెలకొకటి అనుకుంటే అసలు గుర్తే ఉండదు. వారం మాత్రం ఊరి సంతలా తప్పకుండా తిరిగి వస్తుంది. ఈ వారం కుదరనిది వచ్చే వారం కుదురుతుంది.

శ్రీకాకుళం నుంచి ఆమదాలవలసకో, రణస్థలానికో, రాజాంకో రోజూ బస్సులో వెళ్లి వచ్చేవారు "మాకు సమయమెక్కడిది?" అని అడగడం సహజమే. అయితే ఫోటో తీయడానికి పట్టేది పది నిమిషాలే. ఏమి తీయాలి, ఎక్కడ తీయాలి, ఎప్పుడు వెళ్లాలి అన్న తర్జనభర్జనే మన సమయాన్ని మింగేస్తుంది. ఆ నిర్ణయాలను ముందే ముగించి, మిగిలిన పనిని రోజూ తిరిగే దారిలోనే పూర్తిచేసుకోవడం ఎలాగో ఈ మార్గదర్శి మెట్టు మెట్టుగా చెబుతుంది.

మొదటి మెట్టు: నియమాలు కాగితం మీద పెట్టండి

నాలుగు నియమాలు చాలు. వారం ఆదివారం రాత్రి మొదలై మరుసటి ఆదివారం సాయంత్రంతో ముగుస్తుంది. ఫోటో ఆ వారంలో తీసినదే కావాలి, పాతది పనికిరాదు. ఎన్ని తీసినా చివరికి ఒక్కటే మిగలాలి. ప్రత్యేకంగా ప్రయాణం కట్టుకుని వెళ్లడం రెండు నెలలకు ఒకసారికి మించకూడదు. చాలామంది వింతగా చూసే ఈ చివరి నియమాన్నే నేను అన్నిటికంటే ముఖ్యమైనదిగా భావిస్తాను. కళింగపట్నం తీరానికి వెళితేనే మంచి ఫోటో వస్తుందనుకునేవారు ఆ ప్రయాణం కుదిరేదాకా కెమెరాను బయటికి తీయరు. తమ వీధి చివర పాలకేంద్రం దగ్గర రోజూ జరిగేది వారి కంట పడనే పడదు.

రెండో మెట్టు: అంశాల జాబితా

ఎక్కడో తయారైన జాబితాను తెచ్చి యథాతథంగా వాడుకోవద్దు. రాలే ఆకుల ఋతువు, మంచు కురిసిన ఉదయం వంటివి అందులో ఉంటాయి, మన జిల్లాలో అవి దొరకవు. ఒక సాయంత్రం కూర్చుని సొంత జాబితా రాసుకోండి. అన్ని అంశాలనూ ఒకేసారి రాయనక్కరలేదు, 12 వారాలకు సరిపడా రాస్తే ఒక త్రైమాసికం గడుస్తుంది.

జాబితాలో మూడు రకాల అంశాలు కలిసి ఉండాలి. మొదటి రకం కంటికి పని చెప్పేవి: నీడ, తెలుపు, వంపు గీత, ప్రతిబింబం, గరుకుదనం, ఒకే రంగు. వీటికి స్థలంతో పని లేదు, వంటగదిలో కూడా పూర్తిచేయవచ్చు. రెండో రకం మనుషుల పనికి సంబంధించినవి: చేతులు, బరువు, ఎదురుచూపు, పనిముట్టు, తూకం. మూడో రకం మన ఋతువులకు, పండుగలకు ముడిపడినవి. జనవరిలో భోగిమంట, ముగ్గు, మాఘమాసంలో రథసప్తమి, వేసవిలో ఉద్దానం జీడితోటలు, తాటిముంజల బళ్లు, వానలు పడ్డాక వరి ఉభాలు (నాట్లు), కార్తీకంలో దీపాలు, ఆపైన కోతలు, కుప్పలు, నూర్పులు. మూడో రకానికి మాత్రం తేదీ తప్పకూడదు. అందువల్ల వాటిని ముందుగా క్యాలెండరులో గుర్తుపెట్టుకుని, మిగిలిన రెండు రకాలనూ ఖాళీ వారాల్లో సర్దండి.

బరువైన వారాలకు తేలికైన అంశాలు పెట్టుకోవడం మరో జాగ్రత్త. ఉపాధ్యాయులకు మార్చి, ఏప్రిల్ నెలలు, బ్యాంకు ఉద్యోగులకు మార్చి చివరి వారం, రైతు కుటుంబాలకు ఉభాల కాలం ఎలా గడుస్తాయో వారికే తెలుసు. అటువంటి వారాల్లో "బల్ల మీద వస్తువు", "కిటికీ వెలుగు" వంటివి పెట్టుకుంటే సాధన తెగిపోదు.

అంశం మరీ విశాలంగా ఉండకూడదు. "ప్రకృతి" అంటే మనసు ఎటూ పోదు, "తడిసిన ఆకు" అంటే వెంటనే పెరటి అరటిచెట్టు గుర్తుకొస్తుంది. "జీవితం" కంటే "చెప్పులు" మంచి అంశం. గుడి ముందు విడిచినవి, బడి వరండాలో వరుసగా పెట్టినవి, పొలం గట్టు మీద బురదతో మిగిలినవి, ఇలా ఒక్క మాటే పది చోట్లకు తీసుకువెళుతుంది.

అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి వారంలోనూ ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. ఆ వారాలకు "కిరణం" అన్న అంశం పెట్టుకోండి. గర్భాలయంలో ఫోటో తీయకూడదు, తీయవలసిన అవసరమూ లేదు. దర్శనం చేసుకుని ఇంటికి వచ్చి, పొగ నిండిన వంటగదిలోకి వెంటిలేటరు గుండా దిగే వెలుగు చారను తీయండి. పొగలోని సన్నని కణాల మీద వెలుగు పడడం వల్లనే ఆ చార కంటికి కనిపిస్తుంది. చార వెనుక గోడ చీకటిగా ఉంటే మరింత స్పష్టంగా వస్తుంది.

మూడో మెట్టు: మీ దారిలోని వెలుగును తెలుసుకోండి

మన జిల్లాలు దేశ ప్రామాణిక కాలరేఖకు కొంచెం తూర్పున ఉన్నాయి కనుక హైదరాబాదు కంటే ఇక్కడ ముందుగా తెల్లవారుతుంది, ముందుగానే చీకటి పడుతుంది. శ్రీకాకుళంలో జూన్ మూడో వారంలో సూర్యోదయం సుమారు 5:20 గంటలకు, సూర్యాస్తమయం సుమారు 6:30కు అవుతాయి. డిసెంబరు మూడో వారంలో ఉదయం 6:20 దాటుతుంది, సాయంత్రం 5:25 లోపే సూర్యుడు దిగిపోతాడు. ఈ లెక్క ఉద్యోగులకు చాలా అవసరం. చలికాలంలో ఆరు గంటలకు కార్యాలయం వదిలేవారికి సాయంత్రపు ఎండ ఇక దొరకదు, వారు ఉదయం బస్సు ఎక్కేముందు పావుగంటను నమ్ముకోవాలి. వేసవిలో మాత్రం ఇంటికి వచ్చే దారిలో కూడా వాలుటెండ మిగిలి ఉంటుంది.

ఇల్లు వదిలినప్పటినుంచి తిరిగి చేరేవరకు దారిలో మీరు కనీసం రెండు నిమిషాలు ఆగే చోట్లను ఒక చిన్న పుస్తకంలో రాయండి. బస్టాపు, టీకొట్టు, పిల్లల బడి గేటు, కూరగాయల బజారు, రైలుగేటు, మేడ మెట్లు. ఒక్కొక్క చోట ఎండ ఏ వైపు నుంచి వస్తుందో, ఏ గోడ మీద పడుతుందో, ఏ వేళకు తప్పుకుంటుందో పక్కనే రాసుకోండి. ఒక వారం శ్రద్ధగా గమనిస్తే చాలు, ఆ పుటలు ఏడాదంతా ఉపయోగపడతాయి. ఋతువు మారినప్పుడు ఎండ కోణం మారుతుంది కనుక మూడు నెలలకోసారి సరిచూసుకోవాలి.

నాలుగో మెట్టు: వారాన్ని నడిపించే తీరు

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక అంశాన్ని రాసుకుని, దాని కింద మూడు ఊహలు రాయండి. సోమవారం నుంచి బుధవారం వరకు చూడడమే పని. చేతిలో ఫోను ఉంటే గుర్తు కోసం ఒక ఫోటో తీసుకోవచ్చు గాని దానికోసం ఆగనక్కరలేదు. గురువారం ఊహల్లో ఒకదాన్ని ఎంచుకోండి. శుక్ర, శనివారాల్లో ఏదో ఒక పూట పది నిమిషాలు నిలబడి తీయండి. ఆదివారం మధ్యాహ్నం ఎంపిక.

"నీడ" అన్న అంశంతో ఇది ఎలా నడుస్తుందో చూద్దాం. మీరు రోజూ ఏడు రోడ్ల కూడలి దగ్గర బస్సు దిగుతారనుకోండి. సోమవారం ఉదయం మనుషుల నీడలు రోడ్డు మీద పొడుగ్గా సాగుతాయి; చూడడానికి బాగున్నా, ఫోటోలో రోడ్డు మీది గుంతలు, చెత్త, బళ్ల చక్రాలు కలిసిపోయి ఏ నీడ ఎవరిదో తెలియదు. మంగళవారం కొబ్బరిబొండాల బండి గొడుగు కింద గుండ్రటి నీడలో నలుగురు ఇరుక్కుని నిలబడి ఉంటారు. అది మంచి ఊహ, రాసుకోండి. బుధవారం మబ్బు పడుతుంది, నీడలే ఉండవు. ఆ రోజు ఇంట్లో ఒకే దీపం వెలిగించి జల్లెడను గోడకు దగ్గరగా, దూరంగా జరిపి చూడండి. దీపానికి దగ్గరైన కొద్దీ నీడ పెద్దదై అంచులు మసకబారతాయి, గోడకు దగ్గరైన కొద్దీ చిన్నదై అంచులు పదునెక్కుతాయి. ఈ చిన్న సంగతి చేత్తో చేసి చూసినవారికి నీడల విషయంలో సగం విద్య వచ్చినట్లే.

గురువారం ఉదయం ఏడున్నరకు, తూర్పు ముఖంగా ఉన్న ఒక మూసిన దుకాణం ముందు పాలక్యానులు కట్టిన సైకిలు ఆగి ఉంటుంది. సైకిలు నీడ దుకాణం షట్టరు మీద పడుతుంది. షట్టరు రేకు ముడతలు ముడతలుగా ఉంటుంది కనుక చక్రపు గుండ్రని గీత సాఫీగా పడక, ప్రతి ముడత దగ్గరా కొంచెం విరిగి, నీటిమీద కదిలే బొమ్మలా కనిపిస్తుంది. ఈ వారం ఫోటో ఇదే. దుకాణం తెరిస్తే షట్టరు పైకి లేచిపోతుంది, పాలవాడు పది నిమిషాలకంటే ఎక్కువసేపు ఆగడు. కాబట్టి శుక్రవారం అదే వేళకు, ఎక్కడ నిలబడాలో ముందే తెలిసి వెళతారు. సైకిలును ఫోటో చట్రం నుంచి తప్పించి నీడను మాత్రమే ఉంచి ఒకటి, చక్రపు అంచు కొంచెం కనబడేలా ఒకటి, పాలవాడి చేయి క్యాను మీద ఉండగా ఒకటి తీయండి. తర్వాత బస్సుకు వెళ్లిపోండి.

ఐదో మెట్టు: పరికరం, దాని అమరిక

మీ దగ్గరున్న ఫోను చాలు. ఏడాది పూర్తయ్యాక కూడా ఏదైనా కొనాలనిపిస్తే అప్పుడు కొనండి, అప్పటికి మీకు ఏది కావాలో మీకే తెలుస్తుంది. లెన్సును మెత్తటి నూలుగుడ్డతో తుడవడం మాత్రం మరవకండి. జేబులోని చమట, సముద్రపు గాలిలోని ఉప్పు తేమ లెన్సుపై పొరగా పేరుకుని వెలుగును చెదరగొడతాయి. ఫోటో పాలిపోయినట్లు వస్తే ముందు అనుమానించవలసింది ఈ పొరనే. ఏసీ గదినుంచి ఒక్కసారిగా బయటి ఉక్కపోతలోకి వస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది, కొన్ని నిమిషాలు ఆగితే అదే పోతుంది.

మూడు అమరికలు చేతికి అలవాటు కావాలి. మొదటిది, తెర మీద గీతల గళ్లు కనబడేలా పెట్టడం. సముద్రం గీతగాని గోడ అంచుగాని వంకరపోకుండా ఇది కాపాడుతుంది. రెండోది, విషయం మీద వేలిని నొక్కిపట్టి ఫోకస్‌ను, వెలుగు కొలతను స్థిరపరచడం. మూడోది, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి కిందికి జరిపి వెలుగు పెంచడం, తగ్గించడం.

ఈ మూడోది ఎందుకు ముఖ్యమో "తెలుపు" అన్న వారంలో తెలుస్తుంది. కెమెరా తాను చూసేదంతా మధ్యస్థమైన బూడిద రంగు వెలుగుదనానికి సమానమని భావించి కొలుస్తుంది. అందువల్ల చట్రం నిండా తెల్లటి వస్తువు ఉంటే దాన్ని మసకగా, నల్లటి వస్తువు ఉంటే దాన్ని వెలిసినట్లుగా చూపుతుంది. తెలుపుకు వెలుగు పెంచాలి, నలుపుకు తగ్గించాలి. కొత్తవారికి ఇది తలకిందులుగా తోస్తుంది గాని ఒకసారి చేసి చూస్తే సందేహం తీరిపోతుంది.

దీనికి మన జిల్లాలో పొందూరును మించిన పాఠశాల లేదు. సన్నఖాదీ కోసం కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి శుభ్రం చేసి, దూదిగా మార్చి, రాట్నం మీద వడుకుతారు. ఆ దవడలోని వరుస పళ్లు దువ్వెనలా పనిచేసి పత్తి పోగులను తిన్నగా చేస్తాయి. తలుపు పక్కన కూర్చుని ఏకుతున్న చేతుల్ని, పక్కనుంచి పడే వెలుగులో, వెనుక ఇంటి చీకటి ఉండేలా తీయండి. పత్తి మీద వేలు నొక్కిపట్టి వెలుగును కొద్దిగా పెంచండి. పోగులు విడివిడిగా కనబడాలి, తెలుపు మాత్రం కాగితంలా చదునైపోకూడదు. పోగుల వివరం మాయమవుతున్నదంటే వెలుగు ఎక్కువైందని అర్థం. మధ్యలో ఎక్కడ ఆపాలో కంటితోనే నిర్ణయించాలి. అంతదూరం వెళ్లలేనివారు ఇంట్లో ఇడ్లీపిండితోనో, ఉతికి ఆరేసిన పంచెతోనో ఇదే పాఠం నేర్చుకోవచ్చు.

ఫోనులో ప్రో మోడ్ (కెమెరా అమరికలను మనమే మార్చుకునే పద్ధతి) ఉంటే కదలికను కూడా ఏలుకోవచ్చు. ఎగిరే నీటితుంపరను ఆపాలంటే సెకనులో వెయ్యో వంతు, పరిగెత్తే పిల్లల్ని ఆపాలంటే ఐదువందలో వంతు షట్టరు వేగం (కెమెరా వెలుగును లోపలికి తీసుకునే వ్యవధి) కావాలి. వెళ్లే సైకిలును ఫోనుతో వెంబడిస్తూ ముప్పయ్యో వంతు వద్ద తీస్తే సైకిలు నిలిచి, వెనుక ఉన్నది చారలుగా సాగుతుంది. చాలా ఫోనుల్లో లెన్సు రంధ్రం మారదు కనుక షట్టరు వేగం, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఈ రెండే మన చేతిలో ఉంటాయి. రాత్రి తీసేటప్పుడు ఫోనును గోడకో స్తంభానికో ఆనించి, మూడు సెకన్ల టైమరు పెట్టండి.

ఆరో మెట్టు: మనుషుల్ని అడగడం

మనుషుల్ని దగ్గరగా తీసేటప్పుడు అడిగి తీయడమే మర్యాద. మన పల్లెల్లో కెమెరా కనబడగానే "ఏటి బాబూ, పేపరోళ్లా?" అనో, "ఏ పథకానికి బాబూ ఈ ఫోటో?" అనో అడుగుతారు. ఆ ప్రశ్న వెనుక ఆశ ఉంటుంది, భయమూ ఉంటుంది. పింఛను వస్తుందేమోనని, ఉన్నది పోతుందేమోనని. అందుచేత మొదటి మాటలోనే స్పష్టంగా చెప్పండి: "ఏ పథకానికీ కాదమ్మా, నేను ఫోటోలు తీయడం నేర్చుకుంటున్నాను. మీ పని తీసుకుంటాను, మీకు ఇష్టమైతేనే." వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయాలి. సరేనంటే ముందు ఒకటి వారు సర్దుకుని నిలబడినట్లే తీసి చూపించండి. అది వారికి ఇవ్వవలసిన ఫోటో. ఆ తర్వాత వారు తిరిగి పనిలో పడతారు, అప్పుడు తీసేదే మీకు కావలసిన ఫోటో. పిల్లల్ని తీయాలంటే పక్కనున్న పెద్దవారిని అడగండి. మాట ఇచ్చిన ఫోటోను కాగితం మీద అచ్చు వేయించి తప్పక చేర్చండి. మళ్లీ ఆ వీధికి వెళ్లినప్పుడు మీరు కొత్తవారు కారు.

ఏడో మెట్టు: ప్రయాణం చేయదగిన వారాలు

రెండు నెలలకోసారి అనుకున్న ఆ ప్రయాణాన్ని దేనికి వాడాలో బాగా ఆలోచించండి. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి చలికాలపు నెలల్లో వెళితే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుని కనిపిస్తాయి. ఫోను జూముతో పక్షిని దగ్గరికి లాగాలని చూస్తే బొమ్మ పిండిపిండిగా వస్తుంది. దానికి బదులు "పొరుగు" అన్న అంశంతో వెళ్లి, ఇంటి పైకప్పు, ఆరేసిన బట్టలు, వాటి పైన పక్షులతో నిండిన చెట్టు ఒకే చట్రంలో పట్టండి. మనుషులూ పక్షులూ కలిసి బతికే ఊరని ఆ ఫోటోయే చెబుతుంది. చప్పట్లు కొట్టి, రాళ్లు విసిరి పక్షుల్ని లేపడం ఘోరమైన పని. గూటిలో గుడ్లు, పిల్లలు ఉంటాయి.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాతి మంగళవారం జరుగుతుంది. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడికీ కోటకూ మధ్య సిరిమాను (కొనన పూజారి కూర్చునే పొడవాటి మాను) మూడుసార్లు తిరుగుతుంది కనుక మొదటిసారి కేవలం చూడండి: ఏ మలుపు దగ్గర మాను పైకి లేచినట్లు కనబడుతుందో, జనం చేతులు ఎక్కడ జోడిస్తారో గమనించండి. రెండోసారి మానును, మూడోసారి జనాన్ని తీయండి. అంత జనంలో ఒకచోటు నుంచి మరొకచోటికి మారడం కుదరదు, కాబట్టి ఎత్తైన అరుగునో, తెలిసినవారి మేడనో మధ్యాహ్నమే చూసుకుని నిలబడాలి. జేబులో ఫోను, మంచినీళ్లు తప్ప మరేమీ వద్దు.

ఎనిమిదో మెట్టు: ఒక్కటి మిగల్చడం

ఆదివారం మధ్యాహ్నం వారం ఫోటోలన్నీ చిన్న బొమ్మలుగా ఒకే తెర మీద చూడండి. చిన్నగా ఉన్నప్పుడే కూర్పు బలం తెలుస్తుంది. ఏది కంటిని ముందుగా లాగుతుందో అది మొదటి వరుసలో నిలుస్తుంది. మిగిలిన మూడు నాలుగింటిని పెద్దవి చేసి అంచులు చూడండి. తెగిన చేయి, తల వెనుక మొలిచినట్లున్న కరెంటు స్తంభం, మూలన మెరిసే ప్లాస్టిక్ సంచి వంటివి ఎక్కువగా అంచుల్లోనే దాక్కుంటాయి. రెండు ఫోటోల మధ్య తేలకపోతే, అంశం పేరు చెప్పకుండా ఇంట్లో వారికి రెండూ చూపి, దేని గురించి అని అడగండి. సరిగా చెప్పగలిగినదే ఎంచుకోండి. దిద్దుబాటుకు ఐదు నిమిషాలు మించవద్దు: వంకర సరిచేయడం, అంచు కత్తిరించడం, వెలుగు నీడలు కొద్దిగా సర్దడం. ఆకాశాన్ని మార్చేసే ఫిల్టర్ల జోలికి వెళ్లకండి. ఈ సాధనలో మీ కన్ను ఎలా మారుతున్నదో తర్వాత చూసుకోవడానికి అవి అడ్డుపడతాయి.

తొమ్మిదో మెట్టు: దాచడం

ఫోటో పేరులో వారం సంఖ్య, అంశం, ఊరు ఉంటే చాలు: "07 నీడ శ్రీకాకుళం". దానితోపాటు రెండు వాక్యాలు రాయండి, ఏ వేళ తీశారో, ఏది అనుకుని ఏది తీశారో. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో పరిమాణం తగ్గిపోతుంది. పూర్తి నాణ్యతతో కావాలంటే డాక్యుమెంటుగా పంపాలి. ఫోనులో ఒక ప్రతి, కంప్యూటరులోగాని క్లౌడ్‌లోగాని మరో ప్రతి ఉంచండి.

పదో మెట్టు: తప్పిన వారాలు, పదమూడో వారం

జ్వరం వస్తుంది, ఇంట్లో శుభకార్యం వస్తుంది, తుపాను వస్తుంది. తప్పిన వారాన్ని తర్వాతి వారంలో రెండు తీసి పూడ్చుకోవద్దు, ఆ అప్పు పెరుగుతూపోయి సాధనే ఆగిపోతుంది. ఆ సంఖ్యను ఖాళీగా వదిలి, ఎదురుగా కారణం ఒక్క ముక్కలో రాసి ముందుకు సాగండి. తప్పిన అంశం బాగా నచ్చినదైతే తర్వాతి త్రైమాసికపు జాబితాలో చేర్చుకోవచ్చు.

ప్రతి పదమూడో వారం కొత్త అంశం పెట్టుకోకుండా పన్నెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అన్నీ కంటి ఎత్తు నుంచే తీశారా? అన్నీ అడ్డంగానే ఉన్నాయా? మనుషులు ఒక్కదానిలోనూ లేరా? ఏది లోపిస్తే దాన్నే వచ్చే త్రైమాసికపు అంశాలుగా రాసుకోండి: "నేల మట్టం", "నిలువు", "ముఖం". ఆ పన్నెండింటిలో మూడింటిని ఊళ్లోని స్టూడియోలో నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు సైజులో అచ్చు వేయించండి. మంచి నాణ్యతకు ఆ సైజుకు 1200 × 1800 పిక్సెళ్లు చాలు కనుక కొంత కత్తిరించిన ఫోటో కూడా బాగానే వస్తుంది. వెనుక వారం సంఖ్య, ఊరు, ఫోటోలో ఉన్నవారి పేరు మెత్తటి పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ను గట్టిగా నొక్కి రాస్తే ఆ ఒత్తిడి ముందువైపు తేలుతుంది.